తుఫాను వచ్చాక టవర్ నిలబెట్టలేం: విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మేం కృష్ణా జిల్లా తీరంలో ఉండే ఒక హామ్ రేడియో క్లబ్ వాళ్లం. లైసెన్సు తీసుకుని, సొంత రేడియో సెట్ల మీద దూరాన ఉన్నవాళ్లతో ఇష్టంకొద్దీ మాట్లాడేవాళ్లని హామ్‌లంటారు. మాకు యాంటెన్నా కోసం 60 అడుగుల టవర్ ఒకటి ఉంది. ప్రస్తుతం అది ఆరు ముక్కలుగా ఒక సభ్యుడి కొబ్బరితోటలో టార్పాలిన్ కింద పడి ఉంది. దాన్ని మళ్లీ నిలబెట్టుకోవడానికి కాస్త నేల ఇప్పించమని అడగడానికే ఈ ఉత్తరం. డబ్బు అడగడం లేదు.

ఆ టవర్ ఒకప్పుడు లేచి నిలబడింది. రెండేళ్ల కిందట, ఒక బడి ఆవరణలో. అక్కడి పెద్దాయన నోటిమాటగా సరేనన్నారు. నెల ముందే గుంటలు తవ్వి, పునాదికీ, టవర్‌ని మూడు వైపులా లాగి పట్టే గై వైర్లు కట్టడానికి మూడు లంగర్లకీ కాంక్రీటు పోశాం. ఆదివారం తెల్లారకముందే పద్నాలుగు మందిమి చేరాం. టవర్ కొసన గడ కట్టి, దాని కప్పీ మీదుగా పదేసి అడుగుల ముక్కని మోకుతో పైకి లాగాలి. పైన నడుముకి బెల్టు బిగించుకుని నిలబడ్డ కుర్రాడు దాన్ని కింది ముక్కలో కూర్చోబెట్టి బోల్టులు బిగించాలి. కింద మోకు పట్టింది సముద్రం మీద వేటకెళ్లే మనిషి. ఆయనకి హామ్ లైసెన్సు లేదు, ఆయన అన్న కొడుకు మా సభ్యుడు. "నేను ఆపమంటే ఆపండి, ఇంకెవరి మాటా వినొద్దు" అన్నాడు మోకు పట్టిన ఆయన. నాలుగో ముక్క గాల్లో ఉండగా గాలి మళ్లింది, ముక్క గిర్రున తిరిగింది. ఆయన మోకుని టవర్ కాలికి రెండు చుట్లు చుట్టి, పాదం అడ్డుపెట్టి అలాగే ఉండిపోయాడు. మా అందరికీ టెన్షన్. గాలి తగ్గేదాకా ఒక్కరూ మాట్లాడలేదు.

కింద మరోపక్క ఇంజనీరింగ్ చదివే ఇద్దరమ్మాయిలు 20 మీటర్ల బ్యాండుకి, అంటే దాదాపు 20 మీటర్ల పొడవుండే రేడియో తరంగాల శ్రేణికి, యాగీ అనే ఒకవైపుకి గురిపెట్టే యాంటెన్నా కడుతున్నారు. మూడు అల్యూమినియం గొట్టాల వరసలు, అన్నిటికన్నా పొడవైనది దాదాపు 35 అడుగులు. ప్రతి గొట్టాన్నీ మూడేసి సార్లు టేపుతో కొలిచారు. సాయంత్రానికి యాగీ కొసకి చేరింది. తాపీ మేస్త్రీ ఒకాయన గుండు వేలాడదీసి టవర్ నిటారుగా ఉందని చెప్పాక గై వైర్లు ఆఖరిసారి బిగించాం. మొదటి పిలుపుకి శ్రీలంక నుంచి జవాబు వచ్చింది. 'ఐదు తొమ్మిది' అన్నాడాయన, అంటే గొంతు స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోందని.

రెండు నెలల తర్వాత దాన్ని విప్పేయమన్నారు. ఏ కాగితం మీద కట్టారని అడిగితే మా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. అది మా తప్పే. కానీ ఆ కాగితం కోసం ఏడాదిన్నరగా తిరుగుతున్నాం. ఒక ఆఫీసులో ఇది సెల్ టవర్ కిందికి వస్తుందన్నారు, ఇంకో ఆఫీసులో రాదన్నారు. మా లైసెన్సులు కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పెట్టి ఇచ్చినవి, అందులో లోటేం లేదు. లేనిదల్లా నేల, దానికో అనుమతి పత్రం.

మా నాన్నది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి పదహారేళ్లు. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. నీళ్లు తీశాక బతికి ఉన్నామని బయటికి చెప్పుకునే దారే లేకపోయిందని ఆయన ఇప్పటికీ అంటారు. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు కదా అనుకోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. అప్పటికి అందరి చేతిలో ఫోనుంది. అయినా విశాఖ అంతటి నగరంలో కరెంటు లేక, టవర్లు పనిచేయక, పక్క వీధిలో ఉన్నవాళ్ల క్షేమం తెలుసుకోవడమే కష్టమైంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి హామ్ ఆపరేటర్ భారతి ప్రసాద్ గారి బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వాళ్లు వెళ్లింది సునామీ కోసం కాదు, అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి. యాంటెన్నాలు ముందే కట్టి ఉన్నాయి కాబట్టి దీవుల్లో ఉన్నవాళ్ల క్షేమ సమాచారం వాళ్ల రేడియోల మీద ప్రధాన భూభాగానికి చేరింది. మీరు గమనించాలని కోరేది ఈ 'ముందే' అన్న మాటనే.

మా పద్ధతి చెబుతాను. హెచ్చరిక రాగానే యాగీని దించేస్తాం, ఆ గొట్టాలు తుఫాను గాలికి ఆగవు. కొసన కప్పీ, అందులో తాడు మాత్రం ఉంచేస్తాం. గాలి తగ్గాక ఎవరూ పైకి ఎక్కనక్కర్లేదు. ఆ తాడుకి 66 అడుగుల రాగి తీగని మధ్యలో కట్టి లాగితే, రెండు కొసలూ కిందికి వాలి తిరగేసిన 'వీ' ఆకారంలో నిలుస్తుంది. 40 మీటర్ల బ్యాండు మీద పగటిపూట ఆ తీగ నుంచి వెళ్లిన తరంగం పైన వాతావరణంలోని అయనావరణం అనే పొరకి తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. మధ్యలో ఏ టవరూ, ఏ కేబులూ అక్కర్లేదు. 100 వాట్ల సెట్టు కారు బ్యాటరీ మీద నడుస్తుంది. పదిహేను నిమిషాల పని. కానీ ఆ కప్పీ 60 అడుగుల ఎత్తున ముందే ఉండాలి. విరిగిన చెట్ల మధ్య, నడుంలోతు నీళ్లలో ఆ రోజున మేం టవర్ కట్టలేం.

మరి యాగీ ఎందుకంటారేమో. అది లేకపోతే కుర్రాళ్లు రారండీ. శ్రీలంకతోనో జపాన్‌తోనో మాట్లాడదామనే ఆశతోనే వాళ్లు పరీక్ష రాస్తారు, రాత్రిళ్లు సెట్టు ముందు కూర్చుంటారు, బలహీనమైన గొంతుని రొదలోంచి వినడం నేర్చుకుంటారు. విప్పేసిన తర్వాత మా క్లబ్‌లో కొత్తగా చేరింది ఒక్కరే.

మా కోరిక ఇది. తీరంలో ప్రభుత్వం కట్టిన తుఫాను షెల్టర్లు ఉన్నాయి. వాటిలో ఒకదాని ఆవరణలో పది అడుగుల చదరం చోటు, దానికి 40 అడుగుల దూరంలో మూడు వైపులా లంగర్లకి చోటు ఇప్పించండి. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ చాలు. పిడుగుకి ఎర్తింగ్ మేమే వేస్తాం, ఏటా బోల్టులు మేమే బిగిస్తాం, మీ ఇంజనీర్లు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. మిగతా తీర జిల్లాల్లోనూ లైసెన్సున్న క్లబ్‌లు అడిగితే ఇలాగే ఇవ్వొచ్చని ఒక్క ఉత్తర్వు ఇస్తే, ఇంకెవరూ మాలాగా ఏడాదిన్నర తిరగక్కర్లేదు.

మన తీరానికి గడ్డుకాలం అక్టోబరు, నవంబరు నెలలు. పునాది కాంక్రీటు గట్టిపడటానికి నాలుగు వారాలు వదలాలి. గుంటలకీ, కూలీలకీ ఇంకో వారం. ఆగస్టు ఆఖరులోగా అనుమతి పత్రం చేతికొస్తే ఈ ఏడే నిలబెట్టగలం. మోకు పట్టే ఆయనతో మాట్లాడి ఉంచాం. వేట లేని రోజు చెప్తే వస్తానన్నాడు.

ఇట్లు,
తీరప్రాంత హామ్ రేడియో క్లబ్ సభ్యుల తరఫున ఒక సభ్యుడు