జ్వరం వస్తే పొద్దున్న దాకా ఆగొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

మొన్న మీ హెల్త్ పేజీలో పిల్లలకి వచ్చే లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో మొదలయ్యే క్యాన్సర్) గురించి వేశారు, చదివాను. మెడ దగ్గర బిళ్ళ కట్టి నొప్పి లేకుండా వారాల తరబడి అలాగే ఉంటే చూపించుకోమన్నారు, మంచి మాటే. కానీ రోగం బయటపడ్డాక ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. మా అక్క కొడుక్కి అందులో ఒక రకమైన హాడ్జ్‌కిన్ లింఫోమా, కీమో నడుస్తోంది, ఎక్కించేది హాస్పిటల్లోనే గానీ తర్వాత రోజులన్నీ గడిచేది ఇంట్లోనే కదా, అందుకే రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు జ్వరం. కీమో ఎక్కించాక వారం పది రోజుల్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి, అందులో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే రకం 500 లోపుకి వస్తే చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదకి తెస్తుంది. థర్మామీటర్లో 100.4 కనపడితే అర్ధరాత్రయినా డాక్టర్‌కి ఫోన్ చేసి బయల్దేరడమే, పారాసిటమాల్ వేసి చూద్దాంలే అనుకోవద్దు, ఒళ్ళు చల్లబడుతుంది గానీ లోపలిది లోపలే ఉంటుంది. ఆ తెల్లకణాలు లేనప్పుడు చీము పట్టడం, ఎర్రబడటం లాంటివి కూడా సరిగా కనపడవు, ఒక్కోసారి జ్వరం ఒక్కటే గుర్తు. మా అక్క అయితే ఫైలు, బట్టలు సర్దిన బ్యాగు తలుపు పక్కనే పెట్టుకుంటుంది.

చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఒక దండం. జలుబుంటే రావద్దు, మీ ఇంట్లో ఎవరికైనా చికెన్‌పాక్స్ వస్తే దాచకుండా చెప్పండి, ఎందుకంటే ఈ పిల్లలకి అది చాలా డేంజర్. మా వాడి క్యాన్సర్ మీకేం అంటుకోదు, ఆ భయం అక్కర్లేదు. ఒకావిడ వాడి ముందే "ఏ స్టేజీ" అని అడిగి మూడు అనగానే కళ్ళు ఒత్తుకుంది! లింఫోమాలో మూడో స్టేజీ అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే కండ డయాఫ్రమ్‌కి పైనా కిందా రెండు వైపులా బిళ్ళలున్నాయని, అంతే. హాడ్జ్‌కిన్‌కి మంచి ట్రీట్‌మెంట్ పూర్తిగా అందితే నూటికి 90 మందికి పైగా పిల్లలు బతికి బట్టకడుతున్నారు.

ఆవిడ వెళ్ళాక వాడు "నేను అల్లరి చేసినందుకే వచ్చిందా పిన్నీ" అన్నాడు. పిల్లలు ఇలాగే అనుకుంటారట, అందుకే రోగం పేరు చెప్పి నీ తప్పేం లేదురా అని పదే పదే చెప్పాలి, దాచినా మన మొహాలు చూసి కనిపెట్టేస్తారు. కీమోతో పాటు స్టెరాయిడ్ మందు వేసే రోజుల్లో రాత్రి ఒంటిగంటకి లేచి ఆకలంటాడు, విసిరికొడతాడు, అది మందు చేయించేది, తిట్టి లాభం లేదు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందుకి దవడ నొప్పి, మలబద్ధకం వస్తాయి, నడుస్తూ కాలు తట్టుకుంటుంటే డాక్టర్‌కి చెప్పాలి. ఈ హడావిడిలో వాడి చెల్లిని ఎవరూ పట్టించుకోలేదు, ఓరోజు థర్మామీటర్ చంకలో పెట్టుకుని "నాక్కూడా జ్వరం, చూడు" అని కూర్చుంది.

చివరగా ఒకటి సరిచెయ్యాలి. రోగం తేల్చడానికి సూదితో బిళ్ళలోంచి కాసిని కణాలు తీసి చూసే టెస్ట్ చాలన్నట్టు రాశారు మీరు. హాడ్జ్‌కిన్‌లో క్యాన్సర్ కణాలు బిళ్ళలో చాలా కొద్దిగా ఉంటాయి, సూదికి దొరక్కపోవచ్చు, మామూలుగా బిళ్ళ మొత్తం తీసి ల్యాబ్‌లో పరీక్షిస్తారు (బయాప్సీ). ఆ టెస్ట్ అవ్వకముందే వాపు తగ్గాలని స్టెరాయిడ్ ఇచ్చేస్తే బిళ్ళ కరిగిపోయి రోగం పట్టుకోవడం కష్టమవుతుంది. ఈ రెండూ అదే పేజీలో వెయ్యగలరా?

ఇట్లు,
ఒక పిల్లాడి పిన్ని