గండికోట ఫొటోల్లో జనాన్ని చెరిపే ముందు

సంపాదకులకు,

గండికోట పెన్నా లోయ ఫొటోల్లో అడ్డొచ్చే జనాన్ని ఫోన్ ఎరేజర్‌తో చెరిపితే, రాతిపొరల గీతలు అలుక్కుపోయి, దిద్దిన సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ట్రైపాడ్ మీద ఎక్స్‌పోజర్, ఫోకస్ మార్చకుండా 20 సెకన్లకొకటి చొప్పున 10 ఫొటోలు తీయండి. ఫొటోషాప్‌లో లేయర్లుగా పేర్చి, అన్నిటినీ కలిపి స్మార్ట్ ఆబ్జెక్ట్ అనే ఒకే లేయర్‌గా చేసి, స్టాక్ మోడ్‌లో మీడియన్ (ప్రతి చుక్కకూ అన్ని ఫొటోల్లోని మధ్య విలువ తీసుకునేది) పెడితే నడిచేవాళ్లు మాయం. సగానికి మించిన ఫొటోల్లో కదలకుండా ఉన్నవాళ్లు మాత్రం పోరు. సెల్ఫీరాయుళ్లతో అదే తంటా! వాళ్లను క్లోన్ స్టాంప్‌తో, అదే రాతిపొర వెంబడి నమూనా తీసుకుంటూ కప్పాలి. చుట్టూ ఉన్న రంగులో కలిపేసే హీలింగ్ బ్రష్ ఆకాశంలో తీగలకు సరే, కొండ అంచుకు తగిలిందా రాతిరంగు పైకి పాకుతుంది. నీళ్ల సీసాలంటారా, ముందే చేత్తో ఏరేయొచ్చు. వార్తాచిత్రాల్లో ఇవేవీ వద్దు, క్రాప్ చాలు. పాఠకుల ఫొటోలు వేసేటప్పుడు మీరు కూడా ‘దిద్దిన చిత్రం’ అని కింద రాయండి.

- కొందరు ఫొటోగ్రాఫర్లు, జమ్మలమడుగు, కడప జిల్లా