షాపుకి కాదురా, మనిషికి

మంగళవారం, మధ్యాహ్నం

ఒరేయ్ సత్తిగా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మకి రెండో కంటికి కూడా శుక్లం తీసేశారు. చెల్లెమ్మ పంపిన మాగాయ జాడీ సగానికొచ్చింది. వానల్లేవు. అంతే, కబుర్లయిపోయాయి. ఓవెన్లో ప్లాస్టిక్ షీటు పెట్టి రాస్తున్నా, మధ్యమధ్యలో లేచి చూసొస్తుంటా, ఎక్కడైనా మాట తెగితే అతికించుకుని చదువుకో.

అసలు సంగతికొస్తా. "షాపు పక్క గది ఖాళీగా ఉంది, కృత్రిమ కాళ్లూ, బలం లేని కాలికి ఊతంగా కట్టే కాలిపర్లూ పెడదామనుకుంటున్నా, ఇరవయ్యేళ్ల అనుభవమున్న మేస్త్రీ దొరికాడు, దానికి లైసెన్సు ఎక్కడ తీసుకోవాలి?" అని ఎంత తేలిగ్గా అడిగావురా! గది నీది, బోర్డు నీది, మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సూ జీఎస్టీ నంబరూ డ్రగ్ లైసెన్సూ అన్నీ నీ దగ్గరున్నాయి. అవన్నీ కలిపి ఫ్రేము కట్టి వేలాడదీసినా, ఒక మనిషి మోకాలి కింద కొలత తీసి కాలు బిగించే హక్కు ఎవరికీ రాదు. ఈ వృత్తిలో కాగితం షాపుకి ఇవ్వరు, మనిషికిస్తారు.

ఆ కాగితం ఇచ్చేది ఢిల్లీలోని ఆర్.సి.ఐ., అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. చట్టం 1992లో వచ్చింది, 1993 నుంచి అమలు. డాక్టర్లకున్నట్టు మనకి ఆంధ్రా కౌన్సిలు, తెలంగాణ కౌన్సిలు అని వేరువేరుగా లేవు. దేశమంతటికీ ఒకటే రిజిస్టరు, సెంట్రల్ రీహాబిలిటేషన్ రిజిస్టర్. తమాషా ఏంటంటే, చట్టంలో రాసిన జాబితాలో చెవి మిషను అచ్చు తీసేవాళ్ల దగ్గర్నుంచి స్పెషల్ టీచర్ల దాకా పేరుపేరునా ఉన్నారు గానీ ప్రోస్థెటిస్టు (కృత్రిమ అవయవాలు అమర్చేవాడు), ఆర్థోటిస్టు (కాలిపర్లలాంటి ఊతాలు అమర్చేవాడు) అన్న మాట లేదు. జాబితా చివర "కేంద్రం నోటిఫై చేసే ఇతరులు" అని ఒక గేటు తెరిచి ఉంచారు, మనవాళ్లు అందులోంచి లోపలికొచ్చారు. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతి అన్నమాట.

ఇప్పుడు 13వ సెక్షను చదువు. గుర్తింపు ఉన్న చదువు ఉండి, రిజిస్టర్లో పేరున్నవాడు తప్ప ఇంకెవరూ ప్రభుత్వంలోగానీ స్థానిక సంస్థల్లోగానీ ఈ ఉద్యోగం చెయ్యకూడదు, దేశంలో ఎక్కడా ప్రాక్టీసు చెయ్యకూడదు, చట్టం అడిగే సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టకూడదు, కోర్టులో నిపుణుడిగా సాక్ష్యం చెప్పకూడదు. ఈ చివరి రెండిటి దగ్గర ఆగు. నీ ఊరు హైవే పక్కన. లారీ కింద కాలు పోయినవాడు నీ దగ్గరికి ఊరికే రాడు, ప్రమాదం కేసు ఫైలు చంకలో పెట్టుకుని వస్తాడు. కాలు ఎంతవుతుంది, ఎన్నేళ్లకి మార్చాలి, సాకెట్టు, అంటే మిగిలిన కాలు దూరే గిన్నె, మధ్యలో ఎన్నిసార్లు మార్చాలి అని నీ లెటర్‌హెడ్ మీద అంచనా అడుగుతాడు. మేస్త్రీ రాసిచ్చిన అంచనా మీద అవతలి ఇన్సూరెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్న "మీ రిజిస్ట్రేషన్ నంబరు?" అనే. అక్కడ నష్టపోయేది నువ్వు కాదు, ఆ కాలు పోయినవాడు.

ఇక శిక్ష. ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! నువ్వు నవ్వుతున్నావని నాకిక్కడికి వినపడుతోంది. మొండికి తొడిగే మెత్తటి తొడుగు, ఒక మంచి సిలికాన్ లైనరు ధరలో మూలకి కూడా రాదు ఆ వెయ్యి. పైగా కౌన్సిలు అధికారమిచ్చిన మనిషి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకుంటుంది. ఊళ్లో ఎవడో వెళ్లి స్టేషన్లో చెప్తే జరిగేది కాదు. అందుకే సందుకో బోర్డు వేలాడుతోంది. చట్టానికి పళ్లున్నాయి, నమలడానికి ఓపిక లేదు. నా కోపమంతా అక్కడే, కానీ దాని గురించి మొదలెడితే... సరే, వద్దులే.

(లేచి చూసొచ్చా. షీటు ఇంకా తెల్లగానే ఉంది.)

మేస్త్రీ చేతిపని మీద నాకు అనుమానం లేదు. ఎక్కడ తప్పుతుందో చెప్తా. మోకాలి కింద తెగిన కాలు తీసుకో. మొండికి స్టాకినెట్ (సాగే గుడ్డ గొట్టం) తొడిగి, తడి తగిలితే ఊదారంగు తేలే పెన్సిలుతో గుర్తులు పెడతాం: మోకాలి చిప్ప, దాని కింద స్నాయువు (టెండన్), బయటివైపు సన్నెముక ఫిబ్యులా తల, ముందు ఎముక అంచు, తెగిన కొస. మోకాలు కాస్త వంచి ఉంచి ప్లాస్టర్ కట్టు చుట్టి, స్నాయువుకి అటూ ఇటూ బొటనవేళ్లతో నొక్కి పట్టుకుంటాం. గుర్తులు కట్టు లోపలికి, అక్కణ్ణుంచి పోతపోసిన మోల్డు మీదికి ఎక్కుతాయి. ఆ తర్వాతిదే అసలు చదువు. స్నాయువు దగ్గర మోల్డు చెక్కాలి, బరువు అక్కడ మోస్తుంది గనక. ఫిబ్యులా తల మీద, ఎముక కొస మీద మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ప్లాస్టర్ అదనంగా పెట్టాలి, అవి బరువు ఓర్చుకోలేవు గనక. ఈ "గనక"లు తెలియనివాడు మోల్డంతా సమానంగా గీకి నున్నగా తయారుచేస్తాడు. చూడ్డానికి ముద్దొస్తుంది. తొడిగి పదిహేను నిమిషాలు నడిపించి విప్పితే చర్మం మీద ఎరుపు. పది నిమిషాల్లో అది పోలేదా, సాకెట్టు తప్పు. షుగరున్నవాడికి స్పర్శ తెలీదు, "బాగుంది బాబూ" అని నవ్వుతూ వెళ్తాడు, పుండుతో వస్తాడు. అప్పుడు డాక్టరు ఆ కాలు మోకాలి పైన తీసెయ్యాల్సి రావచ్చు.

కాలిపర్ తేలికేమో అనుకోకు. పాదం పైకి లేవక వేలాడిపోయేవాడికి ఇచ్చే ప్లాస్టిక్ ఏ.ఎఫ్.ఓ. (చీలమండకీ పాదానికీ ఊతమిచ్చే తొడుగు) పై అంచు ఫిబ్యులా తలకి రెండువేళ్లు కిందే ఆగాలి. ఆ ఎముక మెడ చుట్టూ ఒక నరం చర్మం కిందే తిరుగుతుంది. అంచు పైకెళ్లి దాన్ని నొక్కితే, ఆ నరం దెబ్బతిని పాదం అలాగే వేలాడిపోతుంది. జబ్బుకని వచ్చినవాడికి మనమే ఆ జబ్బు ఎక్కించి పంపినట్టు.

కాబట్టి ఇలా చెయ్యి. మేస్త్రీని వదులుకోకు. పోత, షీటు లాగడం, తోలుపని, రివెట్లు ఆయన చేతిలో పెట్టు. పరీక్ష, కొలత, మోల్డు దిద్దడం, తొడిగి నడక సరిచూడటం మాత్రం బి.పి.ఓ., అంటే బ్యాచిలర్ ఇన్ ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్, చదివిన మనిషికి అప్పజెప్పు. నాలుగేళ్ల చదువు, ఆపైన ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్. మన పిల్లలు కటక్ దగ్గరి ఓలట్‌పూర్‌కో, కోల్‌కతాకో, ముంబయి హాజీ అలీకో వెళ్లి చదివొస్తారు.

చేర్చుకునేటప్పుడు డిగ్రీ ఒక్కటే చూసి మురిసిపోకు. ఆర్.సి.ఐ. సైట్లో రిజిస్టరు వెతికి పేరు, నంబరు, గడువు తేదీ నీ కళ్లతో చూడు. రిజిస్ట్రేషను ఐదేళ్లకే, ఆ లోపు కౌన్సిలు ఒప్పుకున్న శిక్షణలకి హాజరై పాయింట్లు కూడబెట్టుకుంటేనే తిరిగి రాస్తారు. గడువు దాటిన సర్టిఫికెట్ని లామినేషన్ చేసి తెచ్చేవాళ్లు బోలెడు. ఇంకో గోతి: కౌన్సిలు కాలేజీకి అనుమతి ఇన్ని విద్యాసంవత్సరాలకని ఇస్తుంది, శాశ్వతంగా కాదు. అభ్యర్థి చేరిన బ్యాచ్‌కి ఆ అనుమతి ఉందో లేదో అడుగు. లేని బ్యాచ్ అయితే డిగ్రీ చేతిలో ఉన్నా నంబరు రాదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిలకి మార్కుల లిస్టులో ఒక పేరు, ఆధార్లో ఒక పేరు ఉండి దరఖాస్తు ఆగిపోతుంది, ముందే అఫిడవిట్ చేయించుకోమను.

బుజ్జిగాడు ఈ చదువుతో విదేశం వెళ్తానన్నాడు కదా, ఒక ముక్క. ఇక్కడి నంబరు అక్కడ చెల్లదు. బ్రిటన్లో హెచ్.సి.పి.సి. (హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్) రిజిస్టర్లో లేకుండా ప్రోస్థెటిస్టునని చెప్పుకోవడమే నేరం. ఇంగ్లీషుకి ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో 7, ఏ విభాగంలోనూ 6.5కి తగ్గకూడదు. అమెరికాలో మాస్టర్స్, రెసిడెన్సీ, ఆపైన ఏ.బి.సి. అనే అమెరికన్ సర్టిఫికేషన్ బోర్డు వాళ్ల పరీక్షలు. అవి పాసైతే వచ్చేది సర్టిఫికేషను, లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి వేరే. టెక్సాస్, ఫ్లోరిడా, న్యూజెర్సీల్లో అది తప్పనిసరి. వాడికి విడిగా రాస్తా, ముందు వాణ్ణి ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్ జాగ్రత్తగా...

అయ్యో, షీటు అద్దంలా అయిపోయింది! ఇప్పుడు తియ్యకపోతే జారి ఓవెన్‌కి అంటుకుంటుంది. జీతం సంగతి, గది కొలతల సంగతి వచ్చే ఉత్తరంలో. ఈలోగా బోర్డు మాత్రం రాయించకు.

నీ
బాబ్జీ