రెండో బేస్‌మెంట్‌లో శుక్రవారం రాత్రి ఆదుకున్న బాబాయిగారికి

మన బెంగళూరు అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లందరికీ నమస్కారం. శుక్రవారం రాత్రి కింది బేస్‌మెంట్‌లో బానెట్ ఎత్తిన కారు చుట్టూ జనం గుమిగూడటం చూసి కంగారుపడిన వాళ్లు ముందుగా నన్ను క్షమించాలి. ఆ కారు నాదే.

మర్నాడు ఉదయం పదింటికి హిందూపురంలో మా చెల్లెలి నిశ్చితార్థం. తాంబూలాల పళ్లేలు, చీరలు రాత్రే డిక్కీలో సర్దేసి, ఎందుకైనా మంచిదని ఒకసారి తాళం తిప్పాను. టిక్కుమంది. మళ్లీ తిప్పాను, మళ్లీ ఒక్క టిక్కు. ఇంజిన్ ఉలకలేదు, పలకలేదు.

మూడు వారాల క్రితం ఇలాగే అయితే మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేయించాను. ఈసారి ఫోన్ చేస్తే, "అయితే స్టార్టర్ మోటారే సార్, సోమవారం తీసుకురండి, దించి చూద్దాం" అన్నాడు. తాళం తిప్పగానే ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు అది. సోమవారానికి వియ్యాలవారు తిరిగి వాళ్ల ఊరికి కూడా చేరిపోతారు. తోసి స్టార్ట్ చేద్దామంటే ఆ స్తంభాల మధ్య చోటు లేదు. పక్క ఫ్లాట్ తమ్ముడు పాపం జంపర్ తీగలు తెచ్చి తన కారు బ్యాటరీని నా బ్యాటరీకి కలిపాడు. అయినా అదే టిక్కు.

అప్పుడు వచ్చారు బాబాయిగారు, భోజనం చేసి నడకకు బయల్దేరి. మూడో బ్లాక్‌లో కూతురి ఇంట్లో ఉంటున్నారు. ఆర్టీసీ డిపోలో బస్సుల ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారట. అప్పటికి తలా ఒక సలహా ఇస్తున్నారు. ఆయన మాత్రం, "హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పు బాబూ" అని గోడ మీద పడుతున్న వెలుగును చూస్తూ నిలబడ్డారు. వెలుగు పెద్దగా తగ్గలేదు. "బ్యాటరీ నీరసంగా ఉంటే దీపాలు చచ్చిపోయేవి, టకటకమని వరసగా కొట్టుకునేది. ఇక్కడ కరెంటు ఉంది, పోవలసిన చోటికి పోవడం లేదు" అన్నారు.

పైకి వెళ్లి వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చారు. బ్యాటరీ మీద 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉంది. తర్వాత మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని ఇంజిన్ ఇనుము మీద పెట్టి తాళం తిప్పమన్నారు. అక్కడ అర వోల్టు కూడా కనిపించకూడదట. ఎనిమిది దాటింది!

నేను తెల్లమొహం వేస్తే విడమరిచి చెప్పారు. స్టార్టర్‌కు కరెంటు వెళ్లేది ఎర్ర తీగలో. తిరిగి వచ్చేది ఇంజిన్ ఇనుము గుండా, అక్కడి నుంచి ఎర్త్ స్ట్రాప్ అనే అల్లిక రాగి పట్టీ గుండా. దీపాలు కొద్ది ఆంపియర్లతో వెలుగుతాయి, వాటి దారి బాడీ మీదుగా వేరు. స్టార్టర్‌కు నూరు ఆంపియర్లకు పైగా కావాలి. పట్టీ తుప్పు పడితే ఆ వరద దాటదు.

నమ్మకం కుదరని మా అందరి కళ్ల ముందే తమ్ముడి నల్ల జంపర్ తీగ ఒక్కటి తీసుకుని, ఒక చివర నా బ్యాటరీ నెగటివ్‌కు, మరో చివర ఇంజిన్ కొక్కేనికి తగిలించారు. తాళం తిప్పాను. కారు గర్జించింది! పాత బ్యాటరీ మీద నాకు ఇప్పుడు జాలేస్తోంది. దాన్ని మార్చేటప్పుడు తీగలు కాస్త కదిలి పట్టు దొరికి ఉంటుంది, ఆ మూడు వారాలూ అలా గడిచిపోయాయి.

గేర్‌బాక్స్ దగ్గర చేత్తో లాగితే పట్టీ చివర ఊడి వచ్చింది, పచ్చటి పొడి రాలుతూ. 2022 సెప్టెంబరు వానల్లో బెళ్లందూరు దగ్గర చక్రాలు సగం మునిగేదాకా నీళ్లలో నిలిచిన కారు ఇది. తుప్పు అప్పుడే మొదలై ఉంటుందని ఆయన ఊహ.

జనరేటర్ గది ఎలక్ట్రీషియన్ అన్నకు కూడా దండాలు. తెలుగు అంతంతమాత్రమే అయినా బాబాయిగారు ఏం అడుగుతున్నారో ఇట్టే పట్టేశాడు. మూరెడు లావుపాటి రాగి కేబుల్ కోసి, రెండు చివరలా బోల్టుకు బిగించే లగ్గులు నొక్కి తెచ్చాడు. "ముందు నెగటివ్ విప్పు, ఎర్రదాన్ని ముట్టుకోకు. స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులు కురుస్తాయి" అని బాబాయిగారు నా చేతే విప్పించారు. బోల్టు కూర్చునే చోటును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దించారు. బిగించాక కొలిస్తే ఎనిమిది వోల్టులు కాస్తా 0.2కు దిగాయి. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ మీద 14.1 చూపించింది. "బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ కూడా బాగుంది, పడుకో పో" అన్నారు.

ఉదయం ఐదున్నరకు బయల్దేరి, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు దాటి, వియ్యాలవారికన్నా ముందే హిందూపురంలో ఉన్నాం. ఈరోజు జె.సి. రోడ్డులో అసలు స్ట్రాప్ కొని వేయించాను. 240 రూపాయలు. బ్యాటరీ ఖరీదు దయచేసి ఎవరూ అడగవద్దు.

బాబాయిగారు ఫోన్‌లో ఇవేమీ చూడరట. మూడో బ్లాక్ అక్కా, మీ నాన్నగారికి మీరే కాస్త చదివి వినిపించండి. ఆ రాత్రి డబ్బు మాటెత్తితే నన్ను కసిరారు కానీ, హిందూపురం చింతపండు సంగతి రెండుసార్లు అడిగారు. రెండు కిలోలు తెచ్చాను. మీ మీటర్ కూడా నా కారులోనే ఉండిపోయింది బాబాయిగారూ, రెండూ కలిపి సాయంత్రం పట్టుకొస్తాను.