“ఆ సంచితో ఇక పనేముందమ్మా?”: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. వయసు నలభై దాటింది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువై, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గైనకాలజిస్టుకు చూపించుకున్నాను. ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు రాయడం లేదు. ఒక్కరి మీద చర్య తీసుకోమని అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదిది.

స్కానింగులో గర్భసంచిలో మూడు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని గడ్డ, ఉందని వచ్చింది. డాక్టరుగారు రిపోర్టు చూసి అడిగిన మొదటి ప్రశ్న, పిల్లలెంతమంది అని. ఇద్దరన్నాను. పిల్లల ఆపరేషన్ అయిందా అన్నారు. అయిందన్నాను. “మరింకేం, ఆ సంచితో ఇక పనేముందమ్మా? తీయించేసుకో. ఉంచుకుంటే రేపు క్యాన్సర్‌కి కూడా దారితీయొచ్చు” అన్నారు. ఆ తర్వాత మాటలన్నీ మా ఆయనతోనే. ఎప్పుడు కుదురుతుంది, ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు ఉందా, ఇంట్లో చూసుకునేవాళ్లున్నారా అని. మందులతో తగ్గదా అని నేను మధ్యలో అడిగితే, “టీచర్లతో ఇదే తంటా” అని నవ్వారు. బయట ‘కౌన్సెలింగ్’ అని బోర్డున్న గదిలో ఒక అమ్మాయి ప్యాకేజీ వివరాలు చెప్పింది. స్కాన్ రిపోర్టు ఇమ్మంటే, అడ్మిషన్ అయ్యాక ఫైలుతో కలిపి ఇస్తామంది. ఓపీ ఫీజు, స్కానింగ్ డబ్బులు ముందే కట్టించుకున్నారు.

తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుంటే అక్కడి డాక్టరమ్మ ముందు హిమోగ్లోబిన్ చూసి ఐరన్ మొదలుపెట్టింది. రక్తస్రావం తగ్గడానికి మాత్రలున్నాయని, గర్భసంచిలో అమర్చే, హార్మోన్ విడుదల చేసే లూప్ ఉందని, కొందరికి గర్భసంచి ఉంచి గడ్డ మాత్రమే తీస్తారని చెప్పింది. ముట్లుడిగాక ఫైబ్రాయిడ్ మామూలుగా చిన్నదవుతుందట. అది క్యాన్సర్‌గా మారడం చాలా అరుదట. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు లెక్క. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బలం తగ్గడం అన్నీ ముందే మొదలవుతాయి. అండాశయాలు ఉంచుతారా తీస్తారా అన్న మాట మొదటి ఆసుపత్రిలో అసలు రానే లేదు.

నాకు రేపు ఆపరేషనే అవసరం కావచ్చు. అప్పుడు చేయించుకుంటాను, భయమేమీ లేదు. మొదటి డాక్టరు చెప్పిన వైద్యం తప్పని నేననడం లేదు, అనగలిగే చదువూ నాకు లేదు. నా అసంతృప్తి అంతా ఆ సంభాషణ గురించే. నేను ఫీజు కట్టింది సలహా కోసం. నాకు దొరికింది తేదీ.

ఇదేదో నా మనసు నొచ్చుకున్న విషయంగా కొట్టిపారేయవద్దు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది: చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే మార్గాలున్నాయా, ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ తెలిశాక ఇచ్చిందే సమ్మతి అని. ఆ కేసు కూడా గర్భసంచిదే. పరీక్ష కోసం మత్తిచ్చిన మనిషికి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. నిబంధనలకు మనకు కొదవ లేదు.

మన రాష్ట్రం సంగతి మీకు తెలియనిది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో ఈ ఆపరేషన్లు మూడింట రెండొంతులు ప్రైవేటులోనే జరిగాయి. అయితే తప్పంతా డాక్టర్లదే అంటే అదీ అన్యాయమే. ఆ రోజు ఓపీలో నా పక్కన కూర్చున్నావిడ మిర్చి కోతలకు వెళ్లే మనిషి. “నెలనెలా కూలి పోతోందమ్మా, ఒక్కసారి తీయించేస్తే పీడా పోద్ది” అంది. ఆమెకు గుడ్డలు మార్చుకోను పొలంలో చాటు లేదు, రెండు రోజులు పడుకుంటే దినం గడవదు. ఆమే వచ్చి తీసేయమని అడుగుతుంది. అలా అడిగిన మనిషికే కదా, తర్వాత వచ్చేవేమిటో ముందు కూర్చోబెట్టి చెప్పాల్సింది! అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంటుంది. దాని మీద ఆమె వేలిముద్ర, భర్త సంతకం ఉంటాయి.

ఇక ఫిర్యాదు సంగతి. ఆపరేషన్ వికటిస్తే వినియోగదారుల కమిషన్ ఉంది, వైద్య మండలి ఉంది. కానీ నాకేమీ వికటించలేదు, నేను బయటికొచ్చేశాను. సగం చెప్పి సంతకానికి తొందరపెట్టారని చెప్పుకోవడానికి ఎక్కడికెళ్లాలి? కోత పడితే గానీ నా మాట వినే కుర్చీ లేదు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ కోసం 2002లో చేసిన చట్టం మన చేతిలోనే ఉంది. అత్యవసరం కాని ఏ ఆపరేషన్‌కైనా తేదీ ఇచ్చే ముందు జబ్బు, వేరే మార్గాలు, ప్రమాదాలు, ఖర్చు తెలుగులో రాసిన కాగితం, స్కాన్ రిపోర్టుతో సహా రోగి చేతికి ఇవ్వాలని దాని కింద షరతు పెట్టండి. ఆ కాగితంతో ఇంటికెళ్లి, ఇంకో డాక్టరును అడిగి రావడానికి వ్యవధి ఉండాలి. అలా ఇవ్వని చోట నాలాంటివాళ్లు ఆపరేషన్‌కు ముందే ఫిర్యాదు చేసుకోవడానికి జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ఒకరికి ఆ బాధ్యత అప్పగించండి. ఓపీ రద్దీలో అంతసేపు చెప్పలేమని డాక్టర్లంటారు. నిజమే, అందుకే కాగితం అడుగుతున్నాను.

అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అడ్డుకునే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలుండాలి. నలభై ఏళ్లలోపు మహిళలకు చేసిన ఆపరేషన్ల జాబితా కారణాలతో సహా ఉండాలి. మా జిల్లా కమిటీలో ఎవరున్నారు, ఎప్పుడు కూర్చున్నారు, ఏ ఆసుపత్రిని ఏమడిగారు? పేర్లు తీసేసి ఆ లెక్కలు జిల్లాలవారీగా ప్రజల ముందు పెట్టండి. నాకు ప్రత్యేకంగా జవాబు రాయనక్కర్లేదు, జీవో రూపంలో వచ్చినా చాలు.

ఇట్లు,
గుంటూరు జిల్లా ఉపాధ్యాయురాలు