పార్కు డబ్బులు కట్టాం, పార్కేదీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గర డెవలప్‌మెంట్ చార్జీలు వసూలు చేయడమే దోపిడీ అని మా కాలనీలో చాలామంది అంటుంటారు. నేను వాళ్లతో కలవను. హైదరాబాద్ ఇలా నాలుగు దిక్కులా పాకుతుంటే మంచినీళ్ల పైపులు, డ్రైనేజీ, రోడ్లు ఊరికే రావు. నిన్నటిదాకా జొన్న పండిన చేను ఇవాళ గజాల లెక్కన అమ్ముడుపోతోంది. ఆ లాభంలో కొంత ఊరి అవసరాలకు ఇవ్వాల్సిందే. నా గొడవల్లా కట్టిన డబ్బు ఎటు పోతోందన్నదే.

మాది శివారులో పాత లేఅవుట్. వేసినాయన పార్కుకు ఒక్క గజం వదల్లేదు. అన్నీ ప్లాట్లు చేసి అమ్ముకుని వెళ్లిపోయాడు. ఆ తప్పు చివరికి కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంది. 2020 ఆగస్టు 31న వచ్చిన 131 నంబరు జీవోతో, అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను చార్జీలు కట్టించుకుని క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ పథకం మళ్లీ మొదలైంది. రాష్ట్రమంతటా సుమారు 25 లక్షల దరఖాస్తులు పడ్డాయి. ఖాళీ జాగా వదలని లేఅవుట్‌లో ప్లాటు ఉంటే రెగ్యులరైజేషన్ చార్జీతో పాటు, రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కూడా కట్టాలి. 20 లక్షల ప్లాటుకు అదొక్కటే 2 లక్షల 80 వేలు! ఏళ్ల తరబడి నానబెట్టి, 2025లో పాతిక శాతం రాయితీ అన్నారు. గడువు దాటితే ఎలా అన్న టెన్షన్‌తో మా వీధిలో చాలామంది అప్పు చేసి మరీ కట్టారు. నేనూ కట్టాను, రసీదు బీరువాలో భద్రంగా ఉంది.

వదలని పార్కుకు బదులుగా తీసుకున్న డబ్బు కదా ఇది. దాంతో మా చుట్టుపక్కల ఎక్కడైనా జాగా కొన్నారా? మాకైతే కనబడలేదు. పిల్లలు రోడ్డు మీదే క్రికెట్ ఆడుతున్నారు, వానొస్తే అదీ లేదు. డ్రైనేజీ లైను ఇంకా రాలేదు కాబట్టి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించే ఖర్చు, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ ఖర్చు మామూలే. మున్సిపల్ కార్యాలయానికి వెళ్లి అడిగితే 'పైనుంచి ఫండ్స్ రావాలి' అన్నారు. పైకి పంపింది మా డబ్బే కదా సార్ అంటే నవ్వి ఊరుకున్నారు.

పెద్ద భవనాల సంగతి ఇంకోటి. ఎఫ్ఎస్ఐ పరిమితిని, అంటే ఎంత జాగాలో మొత్తం ఎంత కట్టొచ్చన్న లెక్కను, 2006లోనే ఎత్తేసిన నగరం మనది. ఆకాశమే హద్దుగా కట్టుకోవచ్చు, అందుకు ఊరి సదుపాయాల మీద పడే భారానికి ఇంపాక్ట్ ఫీజు కట్టాలి. ఈ ఫీజును వేరే పనులకు వాడకుండా విడిగా ఎస్క్రో ఖాతాలో ఉంచాలనీ, సగం అదే ప్రాంతంలో సదుపాయాలకు ఖర్చు చేయాలనీ 2012 నాటి 168 నంబరు జీవోలో రాసి ఉంది. రూలు బాగానే ఉంది. కోకాపేటలో 2023లో ఎకరం 100 కోట్లు దాటింది. అక్కడ లేస్తున్న టవర్ల నుంచి ఎంత ఫీజు వచ్చింది, అందులో ఎంత అక్కడి నాలాలకు, రోడ్లకు పెట్టారు అన్నది మామూలు మనిషికి తెలిసే దారి ఏది?

నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. వంద రూపాయల తేడా వస్తే పెన్షనర్లు పాస్‌బుక్ పట్టుకుని కౌంటర్ ముందు నిలబడేవాళ్లు. మున్సిపాలిటీకి లక్షలు కట్టినవాళ్లకు మాత్రం పాస్‌బుక్ లేదు. సర్కిల్‌వారీగా ఇంత వసూలైంది, ఇంత ఖర్చయింది, ఫలానా పనికి అని మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టమనండి. పర్మిషన్లన్నీ ఆన్‌లైన్‌లో ఇస్తున్న ప్రభుత్వానికి ఇదేం పెద్ద పని కాదు.

మా కాలనీ వెనక అరెకరం ప్రభుత్వ జాగా ఇంకా ఖాళీగానే ఉంది. మొన్న ఎవరో వచ్చి టేపుతో కొలుచుకుని వెళ్లారు.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్ శివారు