ఒరేయ్ రవీ, మీ నాన్నగారిని మాట్లాడుకోనీ

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావ్ రా? నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నా కానీ ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అడ్డం పడి మాట మార్చేస్తావు, అందుకే తీరిగ్గా కూర్చుని పెద్ద ఉత్తరమే రాస్తున్నా, నువ్వూ తీరిగ్గానే చదువు. మీ నాన్నగారు మీ కుక్క బంటీతో గంటలు గంటలు మాట్లాడుతున్నారు, అమ్మ పోయాక మరీ ఎక్కువైంది, డాక్టర్‌కి చూపించాలా అని అడిగావు చూడు, అక్కడే ఆగిపోయా నేను. దేనికి రా డాక్టర్? ఆయన వేళకి తింటున్నారా, నిద్ర పడుతోందా, మనుషుల్ని, రోజుల్ని గుర్తుపెట్టుకుంటున్నారా, నలుగురిలో కూర్చుంటే మామూలుగా ఉంటున్నారా, ఇవి చూసుకో. వీటిలో ఏదైనా తేడా ఉంటే తప్పకుండా తీసుకెళ్ళు. ఇవన్నీ బాగుంటే మాత్రం కుక్కతో మాట్లాడటం జబ్బేం కాదు, కుక్కో పిల్లో ఉన్న ఏ ఇంట్లో అయినా జరిగేదే, కాకపోతే చాలామంది ఎవరూ లేనప్పుడు మాట్లాడతారు, ఆయన నీ ముందే మాట్లాడుతున్నారు.

ముందు ఆ గొంతు సంగతి చెప్తా. బంటీ దగ్గరికి వెళ్ళగానే ఆయన గొంతు సన్నగా అయిపోతుందని, "ఎవలొచ్చాలు? నా బంగాలు కొండ వచ్చాలా?" అని ముద్దుముద్దుగా మాట్లాడతారని, నిన్ను పెంచేటప్పుడు కూడా అలా మాట్లాడిన గుర్తు లేదని రాశావు. నువ్వు పసివాడిగా ఉన్నప్పుడు మాట్లాడే ఉంటారు రా, నీకెలా గుర్తుంటుంది! ఆ గొంతు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. 1982లోనే హిర్ష్-పాసెక్, ట్రీమన్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కలతో మనుషులు మాట్లాడే మాటల్ని, పసిపిల్లలతో తల్లులు మాట్లాడే మాటల్ని పక్కపక్కన పెట్టి చూశారు, రెండూ చాలావరకు ఒకేలా ఉన్నాయి, పొట్టి పొట్టి వాక్యాలు, అన్నదే మళ్ళీ అనడం, అన్నీ ఇప్పుడు ఇక్కడ జరుగుతున్న విషయాలే. ఎదురుగా ఉన్న ప్రాణికి మన మాట రాదని తెలిసినా నోరు ఊరుకోదు, ప్రేమ పొంగితే గొంతు దానంతట అదే పైకి వెళ్ళిపోతుంది.

ఇందులో నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. 2002లో ఆస్ట్రేలియాలో డెనిస్ బర్న్‌హామ్ అనే ఆయన, ఆయన టీమ్ కలిసి కొందరు తల్లులు తమ బిడ్డలతో, తమ పెంపుడు జంతువులతో, పెద్దవాళ్ళతో మాట్లాడే మాటల్ని రికార్డు చేసి కొలిచారు. గొంతు ఎత్తు, ఆ ఆప్యాయత బిడ్డకీ పిల్లికీ కుక్కకీ కూడా వచ్చాయి. కానీ అచ్చుల్ని సాగదీసి స్పష్టంగా పలకడం మాత్రం బిడ్డ దగ్గరే కనిపించింది, జంతువు దగ్గర లేదు. అంటే బిడ్డతో మాట్లాడేటప్పుడు మనకే తెలియకుండా మాట నేర్పుతున్నామన్నమాట, కుక్కతో నేర్పేదేం లేదు కాబట్టి ఒట్టి ముద్దు మాత్రమే మిగులుతుంది. తర్వాత 2013లో అదే గ్రూపు చిలకల్ని కూడా చేర్చి చూస్తే చిలకతో మాట్లాడేటప్పుడు జనం మళ్ళీ అచ్చుల్ని స్పష్టంగా పలికారు! తిరిగి మాట్లాడగలదు కదా మరి. చూడు, ఎవరు ఎంత అందుకోగలరో మన నోటికి ఎంత బాగా తెలుసో, మనం కూర్చుని ఆలోచించేది ఏమీ లేదు ఇందులో.

సరే, నీ అసలు డౌటు, దానికేం అర్థమవుతుంది అని. నాన్నగారేమో బంటీకి అన్నీ అర్థమవుతాయి అంటారు, నువ్వేమో ఏమీ కావు అంటావు, నిజం మధ్యలో ఉంది కానీ ఆయన వైపే కొంచెం ఎక్కువ ఉంది. హంగరీలో బుడాపెస్ట్‌లో ఒక టీమ్ 13 కుక్కలకి ఎంఆర్ఐ మెషీన్‌లో కదలకుండా పడుకోవడం నేర్పించింది, కట్టేయలేదు, మత్తు ఇవ్వలేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వచ్చేయొచ్చు. లోపల పడుకున్న వాటికి మెచ్చుకునే మాటలు, ఏ భావమూ లేని మామూలు మాటలు వినిపించారు, ఒక్కో రకాన్నీ మళ్ళీ మెచ్చుకునే గొంతుతో ఒకసారి, చప్పటి గొంతుతో ఒకసారి. మెచ్చుకునే మాట మెచ్చుకునే గొంతుతో వచ్చినప్పుడే మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం బాగా స్పందించింది. ఉత్తి మాటకీ లేదు, ఉత్తి గొంతుకీ లేదు. ఇది 2016లో వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఇంగ్లండ్‌లో యార్క్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకోలా చూశారు, ఒక మనిషి కుక్కకి పనికొచ్చే మాటలు, వాకింగ్‌కి వెళ్దామా, మంచి కుక్కవి కదా లాంటివి ముద్దుగా అంటే, ఇంకో మనిషి నిన్న రాత్రి సినిమాకి వెళ్ళా అన్నట్టు మామూలు గొంతుతో మాట్లాడారు. తర్వాత వదిలితే ఎదిగిన కుక్కలు మొదటి మనిషి దగ్గరే ఎక్కువసేపు ఉన్నాయి. మాటలు, గొంతు అటుదిటు ఇటుదటు మార్చేస్తే మాత్రం ఆ ఇష్టం కనిపించలేదు. కాబట్టి నాన్నగారు చెప్పులు తెచ్చుకుంటూ "పదరా వాకింగ్‌కి" అని గొంతెత్తి అన్నప్పుడు బంటీ ఒళ్ళంతా ఊపుతుంది అన్నావే, అది నాటకం కాదు, ఆ మాట దానికి నిజంగా అందుతోంది.

అలాగని మొత్తం అర్థమైపోతుందనీ కాదులే. ఛేజర్ అనే ఒక బోర్డర్ కోలీ జాతి కుక్క ఉండేది అమెరికాలో, జాన్ పిల్లీ అనే సైకాలజీ ప్రొఫెసర్ దగ్గర, అది 1022 బొమ్మల పేర్లు నేర్చుకుంది, పేరు చెప్తే ఆ బొమ్మే తెచ్చేది. కానీ దాని వెనక ఆయన ఏళ్ళ తరబడి రోజూ గంటలకొద్దీ చేసిన శ్రమ ఉంది. మన ఇళ్ళల్లో కుక్కలకి వాటి పేరు, ఇంట్లో వాళ్ళ పేర్లు, బయటికి, రా, వద్దు, ఇలాంటివి వస్తాయి. నాన్నగారు పేపర్లో చదివిన వార్త చెప్తుంటే బంటీకి వార్త తెలియదు, తనకి చెప్తున్నారని తెలుస్తుంది. ఆయనకి అంతకన్నా కావాల్సిందేముంది రా?

ఇప్పుడు అసలు విషయానికొస్తా, ఇది రాయాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టా. నువ్వు ఏదో కంప్లైంట్ చేస్తున్నట్టు రాశావు, పోయిన ఆదివారం నువ్వు వెళ్తే నీతో రెండు ముక్కలు మాట్లాడి, తర్వాత బంటీ తల నిమురుతూ "చూశావా రా, మీ అన్నయ్యకి ఇన్నాళ్ళకి మనం గుర్తొచ్చాం" అన్నారని. రవీ, ఆ మాట బంటీకి చెప్పింది కాదు రా. బంటీ రోజూ అక్కడే ఉంటుంది, దానికి నీ మీద కంప్లైంటేం లేదు. ఆ మాట నీకే. నీ మొహం చూసి నేరుగా అంటే నువ్వు పని, ట్రాఫిక్, పిల్ల చదువు అని సంజాయిషీ మొదలుపెడతావు, ఆయనకి కోపం వస్తుంది, ఇద్దరూ మాట మీద మాట అనుకుంటారు. బంటీ మీద పెట్టి అంటే దెబ్బ తగలదు, విషయం మాత్రం చేరుతుంది. చాలా ఇళ్ళల్లో ఇదే జరుగుతుంది. డెబోరా టానెన్ అనే భాషా శాస్త్రవేత్త అమెరికాలో కొన్ని కుటుంబాల ఇంటి మాటలు రికార్డు చేయించుకుని, ఇంట్లో వాళ్ళు పెంపుడు జంతువుల్ని మధ్యలో పెట్టుకుని ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో 2004లో రాశారు. అందులో కలిసి ఉంటున్న ఒక జంట గొడవ పడుతుంటారు, ఉన్నట్టుండి అతను కుక్క వైపు తిరిగి ఈరోజు అమ్మ బాగా కోపంగా ఉంది, నువ్వు ఇక్కడ కూర్చుని నన్ను కాపాడు అన్నట్టు మాట్లాడతాడు, ఆవిడకి నవ్వొచ్చేస్తుంది. కుక్క పక్కన ఉండబట్టి ఆ మాట అనడానికి దారి దొరికింది.

మా ఇంట్లో కూడా అంతే, మా పిల్లి మిన్నుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మా ఆవిడ "ఏమే మిన్నూ, మీ నాన్న పొద్దున్నుంచి ఆ లాప్‌టాప్‌కే అతుక్కుపోయారు, మనతో మాట్లాడరేమో అడుగు" అంటుంది. అది వినగానే నేను లాప్‌టాప్ మూసేస్తా. అదే మాట నాతో సూటిగా అంటే ఇంకో పది నిమిషాలు అనేవాణ్ణి, నాకు తెలుసు.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఏంటంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఆయన బంటీతో మాట్లాడుతుంటే ఫోన్ చూసుకుంటూ కూర్చోకు, చెవి పెట్టి విను. మోకాలు నొప్పి గురించి నువ్వడిగితే బానే ఉంది అంటారు, బంటీతో మాత్రం "ఈరోజు అంత దూరం వద్దురా, కాలు సహకరించట్లేదు" అంటారు. అమ్మ గురించి నీ దగ్గర నోరు విప్పరు, బంటీతో "అమ్మ ఉంటే ఈపాటికి నిన్ను లోపలికి పిలిచేసేది కదరా" అంటారని నువ్వే రాశావు. మీ అన్నదమ్ములు ఇద్దరూ ఆయన ఏమీ చెప్పరు అని బాధపడుతున్నారే, ఆయన రోజూ చెప్తూనే ఉన్నారు. విని వెంటనే ఆయన వైపు తిరిగి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేయకు, ఆపేస్తారు. నువ్వూ బంటీతోనే చెప్పు. "ఒరేయ్ బంటీ, నాన్నకి చెప్పు, వచ్చే వారం రెండు రోజులు ఉండేలా వస్తున్నా, ఆ మోకాలు చూపించుకుందాం అని." చూడు ఏమంటారో. కచ్చితంగా బంటీతోనే జవాబిస్తారు. కొన్నాళ్ళు అలా నడవనీ, కంగారేముంది.

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. మనుషులతో మాట్లాడేటప్పుడు బీపీ కాస్త పెరుగుతుందని, పక్కన కూర్చున్న కుక్కని నిమురుతూ ఉన్నప్పుడు అలా పెరగదని 1980ల్లోనే అమెరికాలో కొలిచి చూశారు. మనిషితో మాట్లాడితే ఏమనుకుంటారో, ఏం సమాధానం వస్తుందో అని లోపల ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది కదా. బంటీ ముందు అవేమీ ఉండవు.

ఒక్క విషయంలో మాత్రం నేను నాన్నగారితో ఒప్పుకోను, మెల్లగా చెప్పు ఆయనకి. చెప్పులు కొరికేశాక ఎప్పుడో చూసి తిడితే బంటీ తల దించుకుని చెవులు వాల్చేస్తుంది, "చూశావా, తప్పు చేశానని దానికే తెలుసు" అంటారట. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 2009లో దీన్నే పరీక్షించింది, ఏ తప్పూ చేయని కుక్కని తిట్టినా అదే మొహం పెట్టింది. అంటే ఆ మొహం చేసిన పనికి కాదు, మన కోపానికి. అది మన గొంతుకి భయపడుతోంది రా. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు తిట్టొద్దు అని చెప్పు, అంత మంచి గొంతు దాచుకున్న మనిషి ఆ తిట్లు ఎందుకు వాడాలి.

మీ చెల్లెలు వాళ్ళ పిల్లి సంగతి కూడా అడిగావు, పిలిస్తే పలకదని. వింటుందని చెప్పు. జపాన్‌లో సైతో అత్సుకో అనే ఆవిడ పిల్లుల మీద చాలా పని చేసింది, పిల్లులు యజమాని గొంతు గుర్తుపడతాయని 2013లో, తమ పేరు వేరే మాటల్లోంచి వేరుగా గుర్తుపడతాయని 2019లో చూపించారు. చెవి కదిలిస్తాయి, తల తిప్పుతాయి, లేచి రావు అంతే. 2022లో పారిస్ దగ్గర చేసిన ఇంకో స్టడీలో యజమాని పిల్లితో మాట్లాడే ముద్దు గొంతుకి, అదే యజమాని మనుషులతో మాట్లాడే గొంతుకి తేడా పిల్లులు పట్టాయి, కొత్తవాళ్ళ గొంతులో మాత్రం ఆ తేడాని పట్టించుకోలేదు. అన్నట్టు ఎదిగిన పిల్లులు ఒకదాంతో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ, ఆ మ్యావ్ ఎక్కువగా మన కోసమే, కాబట్టి అది అరిచినప్పుడల్లా జవాబివ్వమను.

ఇంకొక్కటి రాసి ఆపేస్తా. నీ కూతురు క్లాసులో గట్టిగా చదవమంటే తడబడుతోందని, నలుగురూ నవ్వుతారని భయపడుతోందని పోయిన నెల చెప్పావు కదా. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో 1999లో పిల్లల చేత కుక్కలకి కథలు చదివించే ప్రోగ్రామ్ మొదలైంది, లైబ్రరీల్లో, స్కూళ్ళల్లో, తర్వాత చాలా దేశాలకి పాకింది. కుక్క తప్పులు దిద్దదు, తొందరపెట్టదు, పక్కన పడుకుని వింటుంది. సెలవులకి పిల్లని ఆయన దగ్గర ఉంచుతున్నావుగా, రోజూ సాయంత్రం కాసేపు బంటీకి కథ చదివి వినిపించమను. అదిగో అప్పుడు నువ్వు మాత్రం పక్కన కూర్చుని సరిచేయకు, వేరే గదిలోకి వెళ్ళిపో. నాన్నగారు ఉంటే పర్లేదు, ఆయన బంటీ తరఫున "ఆ తర్వాతేమైంది?" అని అడుగుతారు.

సెలవులు ఎప్పటినుంచో రాయి, కుదిరితే నేనూ వస్తా. నాన్నగారికి నమస్కారాలు చెప్పు, బంటీతో చెప్పిస్తావో నువ్వే చెప్తావో నీ ఇష్టం.

నీ
శీను